కండ్లు మూసుకోండ్రి

నిర్మల్ పోయే బస్సు కోసం ఖానాపూర్ బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో కూచున్నాను. ఒకటే వాన. ఎక్కడో వాగు పొంగిందని బస్సు ఆలస్యం. గల్లాపెట్టె పక్కన టేప్‌రికార్డర్లో పెళ్ళి పాటలు మోగుతున్నాయి. పాట సగంలో తెగింది, కాసేపు గరగరమంది. ఆ తర్వాత ఒక సన్నటి మగగొంతు వచ్చింది.

"మల్ల కండ్లు మూసుకోండ్రి. నేను చెప్పేదాక ఎవ్వలు తెరవద్దు."

హోటలాయన ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా తమ్ముడు కాలేజీల సదువుకునేటప్పటి కాసెట్ సార్ గిది. పాఠం మీద పాటలు నింపిండు. పాటలు అయిపోంగనే గీ సార్ బయటికొస్తడు" అన్నాడు నాతో. మూలన కూచున్న లారీ డ్రైవరు నవ్వుకుంటూనే నిజంగా కళ్ళు మూసుకున్నాడు.

ఆ గొంతు మనిషి పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది. కబురు నాకు దినాలు అయిపోయాక గాని అందలేదు. ఇంకొకరైతే ఆ గొంతు వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నాకు మాత్రం కడుపులో పాత మంట రేగింది. పోయినవాడు పోయినట్టుండక, పెళ్ళి పాటల కింది నుంచి లేచి వచ్చి లారీ డ్రైవరు చేత కూడా కళ్ళు మూయిస్తున్నాడు. నేను ఉద్యోగమంతా బోర్డు ముందు నిలబడి "ఇటు చూడండి, ఇటు చూడండి" అని గొంతు చించుకున్నాను. చూసినవాళ్ళు ఎందరని ఇప్పుడు లెక్క పెట్టదలుచుకోలేదు.

ఆయనా నేనూ నిర్మల్లో ఒకే కాలేజీలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళం. నాకంటే కొన్ని నెలలు చిన్నవాడు, అందుకని "అన్నా" అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎకసెక్కం ఎంతో నాకు చివరిదాకా తేలలేదు. పొట్టి మనిషి. చొక్కా ఎప్పుడూ తన కొలత కంటే పెద్దది. జేబులో కలం ఉండేది కాదు, చిన్న ఇత్తడి అడకత్తెర ఉండేది. స్టాఫ్‌రూంలో దానితో వక్కలు కత్తిరించేవాడు, క్లాసులో దానితో పాఠం చెప్పేవాడు. కిరణం పోయి అద్దానికి తగిలిందనగానే అడకత్తెర తీసి "టక్" మనిపించేవాడు. అంతే, పరావర్తనం అయిపోయింది. నేను అదే పాఠానికి అద్దం, లంబం, రెండు కోణాలు, బాణం గుర్తులు అన్నీ గీసి, సుద్దపొడితో మోచేతుల దాకా తెల్లబడి బయటికొచ్చేసరికి ఆయన వక్క నములుతూ వరండాలో నిలబడి ఉండేవాడు. చేతులు కడిగిన ముత్యాల్లా ఉండేవి. ఆ చేతులు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

బొమ్మలు ఆయనకు బొత్తిగా రావు. ఆయన గీసిన కటకం వంకాయలా ఉండేది. కటకం సంగతి అలా ఉంచండి, సరళరేఖ కూడా సరళంగా వచ్చేది కాదు. గీసి, తుడిచి, మళ్ళీ గీసి, "పో, గిది నాకు లొంగది" అని సుద్దముక్కను కిటికీలోంచి బయటికి విసిరేసి, పిల్లల్ని కళ్ళు మూసుకొమ్మనేవాడు. ఆ అలవాటు అక్కడే పుట్టిందని నా నమ్మకం. చేతకానితనాన్ని ఇంత గొప్పగా వాడుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు.

కళ్ళు మూసుకున్నాక పాఠం ఇట్లా సాగేది.

"ఎడ్లబండి సడక్ మీద పోతుంది. కడకడకడకడ... ఇనవడ్తుందా? గిప్పుడు సడక్ దిగి గోదావరి ఇస్కల పడాలె. సక్కగ దిగుతలేదు, ఏటవాలుగ దిగుతుంది. కుడి చక్రం ముందుగాల ఇస్కల పడ్డది. సుర్ర్... సుర్ర్... ఈడ్సుకుంట పోతుంది. ఎడమది ఇంక సడక్ మీదనే ఉంది, అది ఉరుకుతనే ఉంది. ఇగ బండి ఎటు మర్లుతది?"

పిల్లలందరూ కళ్ళు మూసుకొనే "కుడికి" అని అరిచేవారు.

"గంతే. కాంతి గూడ గంతే. గాలిల ఉరుకుతది, నీళ్ళల్ల మెల్లగైతది. ముందుగాల మెల్లగైన దిక్కు మర్లుతది."

బండి చప్పుడు, చక్రం ఇసుకలో ఈడ్చుకునే చప్పుడు అన్నీ నోటితోనే చేసేవాడు. పక్క గదిలో నేను గాజుపలక గీసి, లంబం దగ్గరికి వచ్చేసరికి ఆ "కుడికి" గోడ దాటి వచ్చి పడేది. నా క్లాసు పిల్లలు బోర్డు వదిలేసి గోడకేసి చూసేవారు. నేను డస్టర్‌తో టేబుల్ మీద కొట్టి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

ఆ బండి ఆయనకు పుస్తకంలో దొరికింది కాదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతబడినప్పుడు మేమిద్దరం ఒకేచోట డిగ్రీలో ఉన్నాం. ఇద్దరికీ ఒక ఏడాది పోయింది. నేను ఆ ఏడాదంతా ఇంట్లో కూచొని పుస్తకంలోని బొమ్మలన్నీ గీసిందే గీశాను. చేయి కుదిరింది, గుండ్రం ఒక్క గీతలో వేయడం అప్పుడే వచ్చింది. ఆయన ఊరికి పోయి, వాళ్ళ బాపు బండి కట్టుకొని గోదావరి నుంచి ఇసుక తోలాడు. నేను చదువు వదల్లేదు, ఆయన బలాదూర్ తిరిగాడు అని అప్పట్లో మా ఇంట్లో నన్ను మెచ్చుకునేవారు కూడా. ఆ బలాదూరే తర్వాత పాఠమై వస్తుందని నాకేం తెలుసు?

కాసెట్లు ఎట్లా మొదలయ్యాయంటే, ఒక పిల్లవాడి అన్న దుబాయి నుంచి వస్తూ టేప్‌రికార్డర్ తెచ్చాడు. అప్పట్లో దుబాయి పోయిన మా దిక్కు వాళ్ళు పూల దుప్పటి, టేపు తేకుండా వచ్చేవారు కాదు. వానాకాలం వాగు పొంగితే కాలేజీకి రాలేనని ఆ పిల్లవాడు టేపును ముందే నిర్మల్లో స్నేహితుడి గదిలో పెట్టిపోయేవాడు. స్నేహితుడు దాన్ని తెచ్చి ముందు బెంచీ మీద, ఆయన నోటికి దగ్గరగా పెట్టి మీట నొక్కేవాడు. ఆ కాసెట్లు ఒకరి నుంచి ఒకరికి పోయి, కాపీల మీద కాపీలై, ఎక్కడెక్కడికో చేరాయి. అంత దూరం పోయాయని నాకు ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి చెన్నూరు దిక్కు పోయినప్పుడు గాని తెలియలేదు.

అక్కడ ఒక పిల్లవాణ్ణి "వక్రీభవనం అంటే ఏమిటి?" అని అడిగాను. వాడు చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బొంగురు గొంతు పెట్టి, ఒక్కో అక్షరం సాగదీస్తూ, "ఎ...డ్ల... బం...డి..." అని మొదలుపెట్టాడు.

"జర తొందరగ చెప్పు" అన్నాను.

"గిట్లనే ఉంటది సార్" అన్నాడు వాడు, నాకే తెలియదన్నట్టు. మళ్ళీ కళ్ళు మూసుకొని బండిని సడక్ దించాడు, కుడి చక్రం ఇసుకలో పడేశాడు, ఒకసారి దగ్గాడు, నాలుకతో "టక్" అన్నాడు. ఆ తర్వాత గమ్మున నిలబడిపోయాడు.

"ఏమైంది? మర్చిపోయినవా?"

"లేదు సార్. గిక్కడ కాసెట్ మర్లేస్తరు."

మర్లేసినంత సేపు ఆగి, మిగతాది ఎక్కడా తప్పు లేకుండా చెప్పాడు. మార్కులు వేయక చస్తానా? తిరిగొచ్చాక స్టాఫ్‌రూంలో ఈ సంగతి చెబితే ఆయన సిగ్గుపడతాడని ఎదురుచూశాను. కడుపు పట్టుకొని నవ్వాడు. "దగ్గు గూడ దగ్గిండా అన్నా?" అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాపి, "గొంతు గంత బొంగురుగ, మెల్లగ వస్తుందంటె బ్యాటరీలు అయిపోయినయి పాపం" అన్నాడు. సాయంత్రం బజారుకు పోయి కొత్త బ్యాటరీలు కొని చెన్నూరు పోయే బస్సు డ్రైవరు చేతిలో పెట్టాడు. పిల్లవాడి పేరు నన్నే అడిగి రాయించుకున్నాడు. వాడిలో నేను వెటకారానికి సరుకు చూశాను, ఆయన బ్యాటరీలు చూశాడు. ఇదీ ఆయనతో నా ఇబ్బంది.

ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను. నా బిడ్డ ఇంటర్‌లో చేరి ఆయన సెక్షన్లో పడింది. నా సెక్షన్లోకి మార్చుకోబోతే "సొంత బిడ్డ నీ క్లాసుల ఉంటె రేపు మార్కుల మీద మాటొస్తది" అని ప్రిన్సిపాల్ అడ్డుపడ్డాడు. చిన్నప్పటి నుంచి దానికి ఒక్కటే చెబుతూ వచ్చాను, కాంతి పాఠం మాత్రం నా దగ్గరే నేర్చుకోవాలని. గుండ్రం ఎట్లా గీయాలో, కిరణం ఎక్కడ వంచాలో దాని చెయ్యి పట్టి చూపించాలని నా ఆశ. నాకు ఉన్న ఆస్తి అదొక్కటే. అది సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ పక్కన టేపు పెట్టుకొని ఆయన్ని వినేది. నా ఇంట్లో, నా దీపం కింద, ఆయన బండి కడకడమని పోయేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "నేను చెప్తలేనా బిడ్డా? నా దగ్గర సమజ్ అయితలేదా?"

అది చేటలోంచి తల ఎత్తలేదు. "నువ్వు మంచిగనే చెప్తవ్ బాపు. కని నువ్వు గీస్తె బొమ్మ కనవడ్తది. సార్ చెప్తె బండి కనవడ్తది."

దానికి అబద్ధం రాదు. వాళ్ళ అవ్వ, అదే మా ఆవిడ పోలిక.

నేనూ రికార్డు చేయాలని ఆరోజే అనుకున్నాను. ఇల్లు ఖాళీగా ఉన్న ఆదివారం, గోడకు కొట్టిన నల్లబోర్డు ముందు టేపు పెట్టి, అందులో ఉన్న కాసెట్ ఖాళీదనుకొని మీట నొక్కి, కన్ను పాఠం చెప్పాను. ప్రాణం పెట్టి చెప్పాను. బిడ్డా, దాని అవ్వా వచ్చాక కూచోబెట్టి వినిపించాను. ఏముంది అందులో? "ఇదిగో, ఇక్కడి నుంచి ఇట్లా వచ్చి... ఇక్కడ పడి... ఇదిగో, ఇటు పోతుంది..." ఎక్కడి నుంచి, ఎక్కడికి? మధ్య మధ్య నిమిషాల తరబడి మాటే లేదు, సుద్దముక్క గీకుడు తప్ప.

"ఏందే, బోర్డెన్క ఎల్క జొచ్చినట్టుంది" అంది మా ఆవిడ బిడ్డతో.

బిడ్డ నవ్వలేదు. నా పాఠం అయిపోగానే టేపులోంచి ఆయన గొంతు, మాట మధ్యలో అందుకుంది. నేను రికార్డు చేసింది దాని కటకాల కాసెట్ మీద. అది లేచి లోపలికి పోయింది, ఆ పూట నాతో మాట్లాడలేదు.

మరునాడు అది పోయి ఆయన్ని ఇంకో కాపీ అడిగింది. ఎందుకని ఆయన అడిగి ఉంటాడు, ఇది ఉన్నదున్నట్టు చెప్పి ఉంటుంది. సాయంత్రానికి కొత్త కాసెట్ పట్టుకొని ఆయనే మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూచుని, "ఏదీ బిడ్డా, మీ బాపు పాఠం ఇనిపియ్యి" అన్నాడు.

"వద్దు, అందులో ఏం లేదు" అన్నాను.

అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. సుద్దముక్క గీకుతున్నంత సేపూ మెడ కాస్త పక్కకు వంచి విన్నాడు. అయిపోగానే "మల్ల ఏయి" అన్నాడు. నేను గోడకేసి చూస్తూ కూచున్నాను. ఆయన పాఠాలకు ఊళ్ళు ఊళ్ళే కళ్ళు మూసుకున్నాయి గాని నేను ఒక్కనాడూ మూసుకోలేదు. ఎందుకు మూసుకుంటాను?

రెండోసారి విన్నాక కళ్ళు తెరిచి, "అన్నా, గుండ్రం ఒక్క గీతల గీసినవ్ గదా?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"సుద్దముక్క యాడ ఆగలే. నేనైతె ఆగుత, తుడుస్త, మల్ల ఆగుత. బొమ్మల నిర్మల్ల పుట్టినోని చెయ్యి గదా మరి." వక్క నోట్లో వేసుకున్నాడు. "నీ చెయ్యి మీద నాకు శాన కుళ్ళు అన్నా. డిగ్రీల ఉన్నప్పటి సంది కుళ్ళే."

నేను ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా కడుపులో దాచుకున్న మాట అది. దాన్ని ఆయన మా ఇంట్లో, నా భార్యాబిడ్డల ముందు, చాయ్ ఊదుకుంటూ, నవ్వుతూ అనేశాడు. కుళ్ళుకోవడంలో కూడా నా కంటే ఆయనే బాగున్నాడు. "నాకు కూడా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకో చాయ్ తెమ్మన్నాను.

"రేపు మా క్లాసుకు రా అన్నా. కన్ను పాఠం. నేను చెప్త, నువ్వు గీయి." బిడ్డ నా వైపు చూసింది. సరే అన్నాను.

రంగు సుద్దలు కొనుక్కొని పోయాను. ముందు బెంచీలో టేపు, దాని వెనక నా బిడ్డ. ఆయన గొంతు సవరించుకొని ఏమన్నాడనుకున్నారు?

"కండ్లు మూసుకోండ్రి."

అలవాటు. నన్ను బొమ్మలు గీయడానికి పిలిచి, చూసేవాళ్ళ కళ్ళు మూయించాడు. రంగు సుద్దలు చేతిలో పట్టుకొని వెనక్కి తిరిగి చూశాను. క్లాసంతా కళ్ళు మూసుకొని ఉంది. నా బిడ్డ కూడా, అందరికంటే గట్టిగా మూసుకొని ఉంది. మళ్ళీ వెనక్కి తిరగలేదు. ఆయన చెబుతూ పోయాడు, నేను ఎవరూ చూడని కన్ను ఒకటి బోర్డు నిండా గీస్తూ పోయాను. మధ్యలో ఒకచోట ఆయన గొంతు చాలాసేపు ఆగింది. వక్క వేసుకుంటున్నాడనుకొని నా పని నేను కానిచ్చాను.

చివరికి తెరవమన్నప్పుడు పిల్లలు బోర్డు చూసి "అబ్బో" అన్నారు. ఆయన నాలుక కరుచుకొని, "మర్సిపోయిన అన్నా, పానంతోనే పొయ్యే అలవాటు" అన్నాడు. ఇంటికి వస్తుంటే దారిలో బిడ్డ, "ఇయ్యాల మంచిగ కనవడ్డది బాపు" అంది. ఏం కనబడ్డదని నేను అడగలేదు. అడిగితే చెబుతుంది, అదే నా భయం.

ఆ కన్ను కాసెట్ అన్నిటికంటే ఎక్కువ తిరిగింది, పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న కాబట్టి. నేను మాత్రం వినలేదు. ఆ క్లాసులో నిలబడ్డవాణ్ణి, మళ్ళీ వినడం దేనికి? మరుసటేడు ఆయన ఆసిఫాబాద్ బదిలీ అయి పోయాడు. నా బిడ్డ ఇప్పుడు కరీంనగర్లో పిల్లలకు అదే పాఠం చెబుతుంది. ఎట్లా చెబుతుందో చూడటానికి నేను పోలేదు. "టక్" అంటుందేమోనని.

హోటల్లో, టేపులోంచి ఆయన చెబుతూనే ఉన్నాడు. "కంట్లె ఒక చిన్న పరద ఉంటది. బయటి లోకమంత గా పరద మీద తలకిందుల పడ్తది..." అప్పటికి గాని నాకు వెలగలేదు, అది ఆరోజు పాఠమే. గొంతు వెనక సన్నగా సుద్దముక్క మొదలైంది.

"గొంతు మంచిగనే ఉంది కని, ఎన్కకెల్లి గీ గీకుడేందో. టేపు కరాబైందేమో" అన్నాడు హోటలాయన.

కాసెట్లో పాఠం ఆగింది. టేపుకు దగ్గరగా వంగినట్టున్నాడు, గొంతు తగ్గించి అన్నాడు. "బిడ్డా, కండ్లు తెరిసినవ్."

ఒక ఆడపిల్ల గుసగుస. నా ఇంట్లో పెరిగిన గొంతు. "మా బాపు గుండ్రం గీస్తుండు సార్. జర సూడనియ్యుండ్రి."

తర్వాత ఆయన, ఇంకా మెల్లగా, "సరే. నువ్వు సూడు" అన్నాడు.

ఆపైన ఆయన మాట్లాడలేదు. వక్క నమిలిన చప్పుడు కూడా లేదు. సుద్దముక్క ఒక్కటే, ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి మొదలైన చోటికి వచ్చి కలిసేదాకా ఆయన నోరు విప్పలేదు. నేను నా బిడ్డ నోట వినాలని ఏళ్ళ తరబడి కాచుకున్న మాట ఆయన ఆరోజే విన్నాడు. విని, ఎన్నడూ నాతో అనలేదు. నా బిడ్డే చెప్పాలనుకున్నాడో, మరిచేపోయాడో, ఇక అడగడానికి మనిషి లేడు. ఆ మాట ఇంతకాలం ఆయన దగ్గర ఉండి నా దగ్గర లేనందుకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది.

"ఆపాల్నా సార్? బస్సు వచ్చింది" అన్నాడు హోటలాయన.

"ఆపకు" అన్నాను. "గా గీకేది నేనే."

బస్సు హారన్ కొడుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.